చేతిగీత, కంప్యూటరు ఘనరూపము, నెల్లూరు తెప్ప

కాగితముపై పెన్సిలుతో గీసిన బొమ్మకు నిడివి, వెడల్పు అను రెండు కొలతలే ఉండును. లోతు ఉండదు. లేని ఆ లోతును తానే పూరించి, బొమ్మను ఏ వైపునుండియైనను త్రిప్పి చూడదగిన ఘనరూపముగా మార్చు కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పుడు విరివిగా లభించుచున్నవి. 2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకము మూలమున అనేక పాఠశాలలకు త్రిపరిమాణ ముద్రణ యంత్రములు కూడ చేరినవి. విద్యార్థి ఉదయము గీసిన బొమ్మ సాయంకాలమునకు ప్లాస్టిక్ వస్తువై అతని చేతికి వచ్చుచున్నది. ఇది ముచ్చటైన సంగతియే.

అయితే ఈ ప్రోగ్రాములను పొగడువారు సాధారణముగా ఒక మాట చెప్పుచుందురు: కంప్యూటరు బొమ్మను చూచి వస్తువును అర్థము చేసికొనునట. ఆ మాటలో నిజమెంతయో పరీక్షింపవలసియున్నది. పరీక్షకు కుర్చీ, కప్పు, మోటారుకారు వంటి వస్తువులు పనికిరావు. అవి ప్రోగ్రాములు ముందే ఎరిగిన వస్తువులు. తెలిసిన పాఠమునే అప్పగించుమని అడిగినచో శిష్యుని తెలివి బయటపడదు. రామాయపట్నము మొదలు పులికాటు సరస్సు వరకు వ్యాపించిన నెల్లూరు తీరమున పట్టపువారు మొదలగు మత్స్యకారులు తరతరములుగా వాడిన తెప్పయు, కుట్టుపడవయు ఇట్టి పరీక్షకు తగిన వస్తువులు. ఈ రెంటిని ముందుంచుకొని చూచినచో కొత్త విద్య బలమెంతయో, బలహీనత ఎక్కడనో స్పష్టమగును.

మొదట లోతు ఎట్లు పోవునో చూడవలెను. కంటికెదుట ఒక గాజుపలకను నిలిపి, వెనుకనున్న వస్తువు అంచులను గాజుపై గీసినచో అదియే ఆ వస్తువు బొమ్మ. గాజుపై పడిన ఒక చుక్కకు కారణమైన బిందువు, కంటినుండి ఆ చుక్క గుండా పోవు సరళరేఖపై ఎక్కడనైనను ఉండవచ్చును. గజము దూరమున ఉండవచ్చును, కోసు దూరమున ఉండవచ్చును. చుక్క మాత్రము మారదు. కావున ఒకే బొమ్మకు సరిపోవు ఘనరూపములు అనంతముగా గలవు. వానిలో ఏది అసలైనదో ఆ బొమ్మ ఒక్కటే చెప్పజాలదు.

తెప్పనే ఉదాహరణగా తీసికొనవచ్చును. తెప్ప ముందు కొస అలలను చీల్చుటకు వీలుగా పైకి లేచియుండును. పైనుండి చూచి గీసిన పటములో ఆ ముక్కుకొయ్య 87 సెంటీమీటర్ల నిడివి గలదిగా కనబడినదనుకొన్నచో, దాని అసలు నిడివి ఎంత? కొయ్య 30 డిగ్రీల వాలులో ఉన్నచో సుమారు ఒక మీటరు. 45 డిగ్రీల వాలులో ఉన్నచో 1 మీటరు 23 సెంటీమీటర్లు. వాలే లేనిచో 87 సెంటీమీటర్లే. త్రికోణమితి చదివిన పదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను తానే వేసి చూచుకొనవచ్చును. మూడు సమాధానములును బొమ్మకు సరిపోవును. కాని ఈ మూడు ముక్కులు గల మూడు తెప్పలు విరుచుకొనిపడు అలకు ఎదురుపోవునప్పుడు ఒక్కతీరుగా నడువవు.

స్ఫటికములను పరిశీలించిన స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లూయీ నెకర్ 1832లోనే ఈ చిక్కును గమనించెను. పారదర్శకమైన స్ఫటికమును గీతలతో గీసినప్పుడు, చూచుచుండగానే ముందు ముఖము వెనుకకు, వెనుక ముఖము ముందుకు మారినట్లు తోచును. గీత కదలలేదు, చూచువాని ఊహ మారినది. ఈ చిక్కునకు ఇంజనీర్ల మందు పాతది. ఫ్రెంచి గణితజ్ఞుడు గాస్పార్ మోంజ్ పదునెనిమిదవ శతాబ్దాంతమున శాస్త్రముగా తీర్చిన విక్షేప పద్ధతిలో ఒకే వస్తువును రెండు మూడు దిశలనుండి గీయుదురు. పైచూపు, ముందుచూపు, ప్రక్కచూపు కలిపి చదివినచో లోతు తిరిగి దొరకును. పాలిటెక్నిక్ విద్యార్థి మొదటి సంవత్సరములోనే దీనిని నేర్చుకొనును. కొత్త ప్రోగ్రాములు ఈ మూడు చూపులు అక్కరలేదని, ఒక్క చేతిగీత చాలునని చెప్పుచున్నవి. విమర్శింపవలసినది ఈ మాటనే.

కంప్యూటరుపై బొమ్మ గీయుట 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఐవాన్ సదర్లాండ్ చూపిన విద్య. వెలుగుకలముతో తెరపై గీత గీసి, 'ఈ రెండు గీతలు సమాంతరములు' అని చెప్పినచో యంత్రము వానిని సరిచేయుచుండెను. అదే సంవత్సరమున అదే సంస్థలో లారెన్స్ రాబర్ట్స్ అను పరిశోధకుడు, దిమ్మల ఛాయాచిత్రములనుండి గీతలు ఏరి, ఆ గీతలనుండి ఘనరూపమును కట్టు ప్రోగ్రామును వ్రాసెను. అతడు యంత్రమునకు మూడు అచ్చులు ముందుగానే ఇచ్చెను: ఘనము, చీలిక, ఆరు ప్రక్కలు గల పట్టకము. కంటబడిన ప్రతి వస్తువును ఈ మూటి కలయికగానే యంత్రము చదువవలెను. ఈ రంగమునకు తొలి మెట్టులలో ఒకటైన ఆ ప్రోగ్రాములోనే అసలు రహస్యము బయటపడినది. లోతు బొమ్మనుండి రాలేదు, అచ్చునుండి వచ్చినది. నేటివరకు వచ్చిన ప్రోగ్రాములన్నియు ఏదో ఒక రూపమున ఈ అచ్చునే నమ్ముకొన్నవి. అచ్చు పెద్దదైనది, సూక్ష్మమైనది. అచ్చు లేని ప్రోగ్రాము మాత్రము లేదు.

1971లో డేవిడ్ హఫ్‌మన్, మాక్స్ క్లోవ్స్ అనువారు వేరువేరుగా ఒకే మార్గము కనుగొనిరి. అగ్గిపెట్టెను ఒక మూలనుండి చూచినచో, మూడు ముఖములు కనబడు శీర్షమున మూడు గీతలు మూడు కొమ్మలవలె చీలియుండును; రెండు ముఖములే కనబడు శీర్షమున అవి బాణపు మొనవలె కనబడును. ఏ శీర్షమున ఏ గీత ఉబ్బెత్తు అంచు కాగలదో, ఏది పల్లపు అంచు కాగలదో పట్టిక వ్రాసి, గీత రెండు కొసలయందును ఒకే అర్థము వచ్చునట్లు సరిచూచుట వారి పద్ధతి. ఇది పదబంధపు పజిలు పూరించుటవంటిది. జపాను శాస్త్రజ్ఞుడు కోకిచి సుగిహారా 1986లో ప్రచురించిన గ్రంథములో, ఏ బొమ్మ నిజముగా ఘనరూపము కాగలదో, ఏది కాజాలదో తేల్చు గణిత నియమమును పూర్తిగా ఏర్పరచెను. ఈ విద్యలో ఇంతకంటె చక్కని పని మరొకటి లేదనవచ్చును, ఏలయన ఇది తనకు తెలియనిదానిని తెలియదని చెప్పును. కాని దీని రాజ్యము చిన్నది. ముఖములన్నియు చదునుగా ఉండవలెను. తెప్పలో చదునైన ముఖమేది? పడవలో ఏది?

వంపు గల రూపములకు 1999లో టకేవో ఇగరాషియు, అతని సహచరులును చేసిన 'టెడ్డి' అను ప్రోగ్రాము దారి తీసినది. ఒక మూసిన గీతను గీసినచో టెడ్డి దానిని బెలూనువలె ఉబ్బించును. గీత వెడల్పుగా ఉన్నచోట లావుగాను, ఇరుకుగా ఉన్నచోట సన్నగాను ఉబ్బును. ఎలుగుబంటి, కుందేలు, గుమ్మడికాయ క్షణములో తయారగును. పిల్లలకు ఇంతకంటె మంచి ఆటవస్తువు ఉండదు. తెప్పను పైనుండి చూచిన అంచుగీతను దీనికి ఇచ్చినచో ఏమి వచ్చునో ఊహించుట కష్టము కాదు: ఒక పొడవైన దోసకాయ. టెడ్డి తప్పు చేయలేదు. లోకమంతయు ఉబ్బిన రూపములే అని దానికి చెప్పిన అచ్చు. అది ఆ అచ్చునే పాటించినది.

తరువాత వచ్చినవి నేర్చుకొను ప్రోగ్రాములు. వీనికి నియమమును చెప్పరు. వేలకొలది ఘనరూపములను చూపుదురు. 2015లో వెలువడిన షేప్‌నెట్ అను సంగ్రహపు ముఖ్యభాగములో 55 వర్గములుగా 51 వేలకు పైబడిన నమూనాలు గలవు. నీటిపై నడుచు వాహనములు ఆ వర్గములలో ఒకటి. ఇట్టి సంగ్రహములపై పెరిగిన ప్రోగ్రాము పడవ బొమ్మను చూచినప్పుడు కనబడని రెండవ ప్రక్కను, లోపలి భాగమును, అడుగును తాను చూచిన నౌకల పోలికతో పూరించును. అసలు పడవ ఆ నౌకల వంటిదైనచో ఫలితము ఆశ్చర్యకరముగా కుదురును. ఐదు దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్ప ఆ నౌకలకు ఏ విధమున పోలిక? తెలియని వస్తువును తెలిసిన వస్తువువైపు లాగుట ఈ ప్రోగ్రాముల స్వభావము. పైగా ఫలితము నునుపుగా, అందముగా ఉండును. ఎక్కడ గీత చెప్పినది ముగిసినదో, ఎక్కడ ఊహ మొదలైనదో చూపు మచ్చ ఒక్కటియు ఉండదు. టెడ్డి దోసకాయను చూచి పిల్లలు నవ్వెదరు. దీనిని చూచి ఎవరును నవ్వరు, అదియే ప్రమాదము.

న్యాయముగా చెప్పవలెనన్నచో, ఒక్క గీతనుండి పూర్తి ఘనరూపము నిస్సందేహముగా వచ్చు సందర్భములు లేకపోలేదు. పులికాటు సరస్సును, సముద్రమును వేరుచేయు శ్రీహరికోట దీవిలోనే దానికి ఉదాహరణ కలదు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ఆ దీవినుండి 1971 మొదలు రాకెట్లను ప్రయోగించుచున్నారు. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఎత్తు సుమారు 44 మీటర్లు, మొదటి అంచె వ్యాసము 2.8 మీటర్లు. అంచె తొడుగునకు, శిఖరపు కవచమునకు ఒక ప్రక్క అంచుగీత గీసి, నడిమి అక్షముచుట్టు త్రిప్పినచో రూపము వచ్చును. కుమ్మరి సారెపై కుండ వచ్చుట ఇట్లే. ఇచ్చట లోతును పూరించునది ఊహ కాదు, సౌష్ఠవము. ఆ సౌష్ఠవము వస్తువులో నిజముగా ఉన్నది. తెప్పలో అట్టి అక్షము లేదు.

తెప్పను గురించి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఇంగ్లీషు మొదలగు భాషలలోనికి ప్రాకిన 'కాటమరాన్' అను మాటకు మూలమైన 'కట్టుమరము' ఇదియే; కట్టిన మ్రాను అని అర్థము. తేలికైన మెత్తని కొయ్య దుంగలను మూడు, ఐదు, ఒక్కొక్కప్పుడు ఏడు, ప్రక్కప్రక్కన చేర్చి, ముందు అణియమువైపు ఒకచోట, వెనుక అమరమువైపు ఒకచోట త్రాళ్ళతో బిగింతురు. నడిమి దుంగ కొంచెము దిగువగా, ప్రక్క దుంగలు కొంచెము ఎగువగా ఉండుటచే అడ్డముగా కోసి చూచినచో లోతులేని పళ్ళెమువలె కనబడును. దుంగల సందులనుండి నీరు పైకి వచ్చును, అట్లే దిగిపోవును. ఆ కారణముచేతనే మైపాడువంటి రేవులేని ఇసుక తీరమునుండి విరిగిపడు అలల గుండా దీనిని నడుపగలిగిరి. లోపల నీరు నిండి మునుగుటకు దీనికి లోపల అనునదియే లేదు.

పడవ తేలుటకును, తెప్ప తేలుటకును గల ఈ భేదమును భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు తప్పక చూపవలెను. పడవ గాలిని మూసిపెట్టుకొని తేలును. దానికి బయటి రూపము ముఖ్యము. తెప్ప కొయ్యయొక్క తేలికదనముచే తేలును. దానికి సాంద్రత ముఖ్యము. ఆరు మీటర్ల నిడివి, సగటున 20 సెంటీమీటర్ల వెడల్పు, 17 సెంటీమీటర్ల మందము గల దుంగలు ఐదు ఉన్నవనుకొన్నచో వాని మొత్తము పరిమాణము సుమారు ఒక ఘనమీటరు. ఎండిన కొయ్య సాంద్రత ఘనమీటరుకు 450 కిలోగ్రాములైనచో, 1025 కిలోగ్రాముల సాంద్రత గల సముద్రజలములో తెప్ప పూర్తిగా మునుగులోపల 575 కిలోగ్రాముల బరువు మోయగలదు. నీరు పీల్చి కొయ్య సాంద్రత 650కి పెరిగినచో మోయగల బరువు 375కి తగ్గును. పోయిన 200 కిలోగ్రాములు ముగ్గురు మనుషుల బరువు! వేట ముగిసి ఒడ్డు చేరిన వెంటనే కట్లు విప్పి దుంగలను వేరువేరుగా ఇసుకపై ఆరబెట్టుటకు కారణమిదియే. మరునాడు తిరిగి కట్టుదురు.

ఇప్పుడు కంప్యూటరు తెప్పను చూడవచ్చును. ఐదు దుంగల బొమ్మ ఎంత చక్కగా గీసినను, అంచుగీతను ఉబ్బించు ప్రోగ్రాము దానిని ఒకే ముద్దగా చేయును. నేర్చుకొన్న ప్రోగ్రాము బహుశః గట్లు తేలిన ఒక పడవను చేయును. దుంగలు విడిపోవునని గాని, నడుమ నీరు పారునని గాని, నిన్నటికి నేటికి బరువు మారునని గాని ఆ రూపములో లేదు. 'రూపమే కదా అడిగినది, స్వభావము కాదు కదా' అని ప్రోగ్రాము పక్షమున వాదింపవచ్చును. కాని ఆ రూపమును ముద్రించి, తొట్టిలో తేల్చి, 'ఇది నెల్లూరు తెప్ప' అని తరగతికి చూపినప్పుడు పిల్లలు నేర్చుకొనునది తప్పుడు భౌతికశాస్త్రము. రోజూ విప్పి కట్టు వస్తువునకు మార్పులేని రూపమనునది ఒకటి ఉన్నదనుటయే సరికాదు.

కుట్టుపడవ విషయము మరింత సూక్ష్మమైనది. ఆంగ్లేయులు 'మసూలా పడవ' అని వ్యవహరించిన ఈ పడవ కోరమండల తీరమున అలలు విరుగుచోటును దాటుటకు ప్రత్యేకముగా పుట్టినది. మద్రాసులో కృత్రిమ రేవు ఏర్పడకముందు, దూరమున లంగరు వేసిన ఓడలనుండి సరకును, మనుషులను ఒడ్డు చేర్చినవి ఇవియే. పలకల అంచులకు రంధ్రములు వేసి, సందుపై గడ్డి, పీచు వంటి మెత్త పరచి, కొబ్బరిత్రాటితో కుట్టుదురు. ఇనుప మేకులు లేవు. పలకలకు లోపల ఆధారముగా పక్కటెముకలవంటి చట్రము లేదు. అల ఎత్తి ఇసుకపై కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ పగులును. ఇది వంగి ఊరకుండును.

దీని ప్రక్కబొమ్మను చూచి ప్రోగ్రాము కట్టిన నునుపైన పొట్టను ఒక ప్రశ్న అడుగవలెను: నిన్ను పలకలుగా విప్పవచ్చునా? కాగితమును సీసాచుట్టు ముడుత లేకుండ చుట్టవచ్చును. బంతిచుట్టు చుట్టజాలము, ముడుతలు పడును, లేదా చిరుగును. సాగదీయకుండ చదునుగా పరువదగిన తలములు కొన్నియే గలవని, బంతి తలము అట్టిది కాదని జర్మను గణితజ్ఞుడు గౌస్ 1827లో నిరూపించిన సిద్ధాంతమునుండి తేలును. చెక్కపలకయు కాగితమువంటిదే. ఒక దిశలో వంగును, కొంత మెలితిరుగును, తడిపి కాచినచో మరికొంత లొంగును. అంతకు మించి రెండు దిశలయందును ఒకేసారి వంగదు. కావున పలకపడవ రూపమును నిర్ణయించునది పలకయే. వడ్రంగి పటము గీయడు. పలకను వంచి చూచును, అది ఒప్పుకొన్నంతవరకు తీసికొనిపోవును. బెలూనువలె ఉబ్బిన కంప్యూటరు పొట్ట అన్ని దిశలకు వంగియుండును. దానినుండి ఏ వడ్రంగియు పలకలు కోయలేడు. అట్టి పడవ సముద్రముపై ఎన్నడును లేదు, ఉండుటకు వీలులేదు.

ఇందులో ఒక వింత కలదు. కంప్యూటరులో వంపుగీతలు గీయుటకు వాడు గణితమునకు 'స్ప్లైను' అని పేరు. అది మొదట ఓడల కార్ఖానాలో వాడిన సన్నని చెక్కబద్ద పేరు. ఆ బద్దను నేలపై బరువులతో నొక్కిపెట్టి వంచి, దాని అంచువెంట ఓడ వంపును గీసెడివారు. ఇక కంప్యూటరుకు తగిన వంపు గణితమును తొలుత రూపొందించినది మోటారుకార్ల కార్ఖానాలవారు: సిట్రోయెన్‌లో 1959 మొదలు ద కాస్తెల్జో, తరువాత రెనోలో బెజియే. కారు రేకును అచ్చులో నొక్కి ఏ వంపుకైనను తేవచ్చును, చెక్కను తేరాదు. చెక్కబద్దనుండి పుట్టిన గణితము రేకు కొలువులో చేరి చెక్క స్వభావమును మరచినది. పలకల నియమమును ప్రోగ్రాముకు చెప్పవచ్చునా అనినచో, చెప్పవచ్చును. పలకలుగా విప్పదగిన తలములనే కట్టు ప్రోగ్రాములు పడవల నిర్మాణమున వాడుకలో ఉన్నవి. కాని అవి ఒక్క చేతిగీతతో తృప్తిపడవు. పలకల అంచులు ఎక్కడ ఉన్నవో కొలతలతో చెప్పుమని అడుగును. ఆ అడుగుటయే వాని గొప్పతనము.

ఇదంతయు పండితుల చర్చ అని త్రోసివేయరాదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ నెల్లూరు తీరమును కూడ దెబ్బతీసినది. ఆ తరువాత సహాయముగా వచ్చిన పడవలలో ఎక్కువ భాగము ఫైబరు పడవలే. మోటారు బిగించుటకు అనువైన ఈ పడవ అంతకుముందే మొదలైన మార్పును వేగపరచినది. తెప్ప అరుదైనది, కుట్టుపడవ అంతకంటె ముందే అరుదైనది. వేగమును, భద్రతను ఎంచుకొన్న మత్స్యకారుని ఎవరును తప్పుపట్టలేరు. కాని మిగిలినది పటముల రూపముననే మిగులుచున్నది. ఒడ్డున ఉన్న వస్తువును ఘనరూపముగా మార్చుటకు చేతిగీతతో పనియేలేదు. చుట్టును తిరిగి అనేక ఛాయాచిత్రములు తీసి, వానినుండి రూపమును లెక్కకట్టు పద్ధతి కలదు. అందులో లోతు నిజముగా కొలతనుండి వచ్చును. చేతిగీత అవసరమగునది వస్తువు పోయినచోటనే. సరిదిద్దుటకు అసలు వస్తువు లేని ఆ చోటనే ఈ విద్య ఊహపై ఎక్కువగా ఆధారపడుచున్నది.

పటములు లేకపోలేదు. త్రికోణమలైలోని ఆంగ్ల నౌకాశాలలో పనిచేసిన జాన్ ఎడీ కోరమండల, మలబారు, సింహళ తీరముల పడవలను వర్ణించుచు 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మోన్ పారి ఓడలపై ప్రపంచమును చుట్టుచు ఐరోపేతర జాతుల పడవలను గీసి, 1840ల ఆరంభమున గొప్ప గ్రంథముగా వెలువరించెను. కోరమండల తీరపు పడవలకు అందులో చోటు దొరికినది. మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతదేశపు పడవల రూపములపై ప్రత్యేక గ్రంథమును ప్రచురించెను.

వీరిలో పారి చేసిన పని ఇచ్చట మిక్కిలి ఉపయుక్తము. అతడు 1871 నుండి 1893లో మరణించువరకు పారిస్ నగరమున లూవ్రలోని నౌకా ప్రదర్శనశాలకు అధిపతిగా ఉండి, తన పటములనుండి చిన్న నమూనా పడవలను కొయ్యతో చేయించెను. చేతిగీతను ఘనరూపముగా మార్చుట నిన్న పుట్టిన కోరిక కాదు. పారి నమూనాలు నమ్మదగినవి అగుటకు కారణము నమూనా చేసినవాని నేర్పు మాత్రమే కాదు. పటము గీసినప్పుడే పడవను కొలిచి, నిలువు చూపును, పై చూపును, అడ్డుకోతలను వేరువేరుగా గీసియుండుట. అతడు బొమ్మలో లోతును ముందే దాచిపెట్టెను. అట్టి పటములను కంప్యూటరుకు ఇచ్చుట ఎంతయు సమంజసము. యాత్రికుడు ఓడపైనుండి చూచి సరదాకు గీసిన దృశ్యచిత్రమును ఇచ్చి అదే ఫలితమును ఆశించుట మాత్రము సమంజసము కాదు. ప్రోగ్రాముకు ఈ రెంటికి భేదము తెలియదు. రెంటినుండియు ఒకే నునుపుతో పడవను తయారుచేయును.

పురావస్తువులను కంప్యూటరుపై పునర్నిర్మించువారు ఈ అపాయమును ముందుగానే గుర్తించిరి. 2006లో రూపొందిన లండన్ చార్టర్ అను నియమావళి, పునర్నిర్మాణములో ఏది ఆధారముగలదో, ఏది ఊహయో చూచువారికి తెలియునట్లు చేయవలెనని కోరినది. ఒక్క బొమ్మనుండి రూపము కట్టు ప్రోగ్రాములు ఆ మాత్రపు మర్యాదనైనను పాటించుట లేదు. గీతనుండి వచ్చిన తలమును ఒక రంగులోను, పూరించిన తలమును మరొక రంగులోను చూపుట కంప్యూటరుకు కష్టమైన పని కాదు; అడిగినవారు తక్కువ. అడుగకున్నచో కలుగు నష్టము ఒక్క నమూనాతో పోదు. నేడు ఊహించి కట్టిన తెప్ప రేపు ఏదో సంగ్రహములో చేరును. ఎల్లుండి వచ్చు ప్రోగ్రాము దానినే సాక్ష్యముగా నేర్చుకొనును. అప్పుడు తెప్ప బొమ్మను ఇచ్చినచో తడుముకొనకుండ అదే తప్పును తిరిగి ఇచ్చును.

తీరప్రాంతపు పాఠశాలలలో త్రిపరిమాణ యంత్రము ఉన్నచోట ఉపాధ్యాయులు దీనిని తెప్పపైననే పరీక్షింపవచ్చును. ముందు విద్యార్థిచే ఒక్క దృశ్యచిత్రము గీయించి ప్రోగ్రాముకు ఇప్పించవలెను. తరువాత అదే తెప్పను టేపుతో కొలిపించి, ప్రతి దుంగను విడిగా మూడు చూపులలో గీయించి, దుంగలను విడివిడిగా ముద్రించి దారముతో కట్టించవలెను. రెంటిని ఉప్పునీటి తొట్టిలో వేసినచో వాదన అక్కరలేదు. అయితే ముద్రణకు వాడు ప్లాస్టిక్కులలో ఎక్కువ భాగము నీటికంటె బరువైనవి. దుంగలను లోపల గుల్లగా ముద్రించి, తెప్ప కొయ్య సాంద్రతకు సరిపడునట్లు చేయవలెను. సగటు సాంద్రతను లెక్కించి గుల్ల ఎంత ఉండవలెనో తేల్చుట తొమ్మిదవ తరగతివారికి మంచి లెక్క.

పడవనైనచో చుట్టుకొలతలను నూలుత్రాటితో తీయవలెను. అడుగునుండి పై అంచువరకు పొట్టవెంట త్రాడు పరచి గుర్తుపెట్టుట, మూరెడు మూరెడు దూరమున మరల అట్లే చేయుట, ఒక్కొక్క పలక వెడల్పును ఆ త్రాటిపైననే గుర్తించుట: ఇంత చేసినచో పలకలను కాగితముపై విప్పి పరచుటకు వలయు కొలతలు వచ్చును. కుట్లమధ్య దూరము, రంధ్రపు వ్యాసము, సందులో పెట్టిన మెత్త ఏమిటో వ్రాసికొనవలెను. ముడి ఏ వైపున మొదలై ఏ వైపున ముగిసినదో పటములో గాని, ఛాయాచిత్రములో గాని కనబడదు. దానిని ఆ ముడి వేసినవానినే అడిగి వ్రాసికొనవలెను.